వదిన మాట ఫోనుకు రాదు

ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న స్టూడియోలో సబ్‌టైటిళ్లు రాయడం నా పని. రోజంతా తెర మీద ఎవరో మాట్లాడింది వినాలి, ఆపాలి, రాయాలి, మళ్లీ వెనక్కి తిప్పి వినాలి. సాయంత్రానికి తల మొద్దుబారిపోతుంది. మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవడానికి నాకున్నది పాత రేడియోలు పోగేసేవాళ్ల వాట్సాప్ గ్రూపు. నా దగ్గర రేడియోలు పెద్దగా లేవు. అయినా వాళ్ల కబుర్లంటే ఇష్టం. ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో ఎవరికి ఏం దొరికింది, వానాకాలంలో స్పీకరు అట్ట ముక్కిపోకుండా ఏం చేయాలి అని మొదలవుతాయి. కొత్త ఫోనులో ఛార్జింగ్ ఎందుకు నిలవడం లేదు, ఆఫీసులో వేలిముద్ర మిషన్ ఎవరి వేలిని గుర్తుపట్టనంటోంది అనేదాకా పోతాయి.

ఆ గ్రూపులో ఒకాయన యూసుఫ్‌గూడలో ఉంటారు. ఏళ్ల తరబడి షూటింగుల్లో మైకు కర్ర పట్టుకున్న మనిషి. అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన ఎప్పుడూ టైపు చేసేవారు కాదు, పొడుగాటి వాయిస్ మెసేజ్‌లే. రేడియో లోపలి తీగల సంగతి చెబుతుంటే వెనకాల నుంచి వాళ్లావిడ గొంతు వినిపించేది. "ఆ డబ్బాలు ఇడిసిపెట్టి జర గీ బియ్యం మూట లోపల పెడ్తవా?" అని. ఆయన నవ్వి, "సూడుర్రి, మీ వదిన షురూ చేసింది" అనేవారు. ఆ అరుపు కోసమే నేను ఆయన మెసేజ్‌లు చివరిదాకా వినేదాన్ని.

నిరుడు ఉన్నట్టుండి ఆయన వాయిస్ మెసేజ్‌లు ఆగిపోయాయి. టైపు చేయడం మొదలుపెట్టారు, అదీ రెండు మూడు ముక్కలు. కొన్నాళ్లకు నాకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది.

"చెల్లె, మాట్లాడేది రాసి సూపెట్టే యాప్ ఏదన్న ఉన్నదా?"

"ఎవరికన్నా?"

"నాకే. చెవులు పోయినయ్."

ఒక చెవి ఎప్పుడో మందగించిందట. రెండోది జ్వరం వచ్చి తగ్గేసరికి పూర్తిగా పోయింది. నరం దెబ్బతిన్నది, మిషన్ పెట్టినా లాభం లేదని డాక్టరు చెప్పారట. గ్రూపులో ఎవరికీ చెప్పొద్దన్నారు. "జాలి పడ్తరు" అని రాశారు.

బాధపడ్డాను గానీ, నిజం చెప్పాలంటే కొంచెం ధైర్యంగా కూడా అనిపించింది. మాటను అక్షరం చేయడం నేను రోజూ చేసే పనే కదా. యాప్ పేరు పంపాను. ఎక్కడ నొక్కాలో ఫొటోలు తీసి పంపాను. ఆయనకు కుదరలేదు. ఆదివారం చర్చి అయ్యాక నేనే వెళ్లాను.

వాళ్లది సందులో మేడ మీద వాటా. గోడ పొడుగునా రేడియోలు, వాటి మీద దుమ్ము పడకుండా పాత చీర కప్పి ఉంది. వదినను చూడటం అదే మొదటిసారి. గొంతును బట్టి భారీ మనిషి అనుకున్నాను, బక్కపలచగా ఉంది. "రా అమ్మా, గీడ కూసో" అని చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

యాప్ ఎక్కించి, భాష తెలుగు పెట్టి, ఫోను ఆయన ముందు ఉంచాను. "అన్నా, నేను మాట్లాడేది కనిపిస్తోందా?" అన్నాను. అక్షరాలు వరసగా వచ్చాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివారు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి గది అదిరిపోయేలా చదివారు. "వస్తున్నయ్ చెల్లె! అక్షరం పొల్లు పోలే!" అని భార్య వైపు తిరిగారు. "ఏమే, నువ్వు మాట్లాడు!"

వదిన సిగ్గుపడింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను మీదికి వంగింది.

"జర చాయ్ తాగుతవా? పొద్దుగాలకెల్లి ఏం తినకపోతివి."

తెర మీద "జ్వరం చాయ్ తాగుతావా" అని వచ్చింది. తర్వాత పద్ధతి, కల్లు అని ఏవో సంబంధం లేని మాటలు.

"ఎవలికి జ్వరం?" అన్నారు ఆయన కంగారుగా.

ముగ్గురం నవ్వాం. మళ్లీ చెప్పింది. మళ్లీ వేరే ఏదో వచ్చింది. "పరేషాన్ గాకు, గోలీలు ఏస్కున్నవా?" అని మందుల సంగతి అడిగితే పరీక్షలన్నది, గోళీలాట అన్నది. నవ్వు తగ్గుతూ వచ్చింది. వదిన గట్టిగా అరిచి చెప్పింది. ఫోను ఇంకా తికమకపడింది. నేను సెట్టింగులన్నీ తిరగేశాను. తెలుగు అని ఒక్కటే ఉంది. ఆ తెలుగు నేను బాపట్ల నుంచి తెచ్చుకున్నది, స్టూడియోలో రోజూ వినేది. వదినది కాదు.

కాసేపు ఆమె చెప్పేది నేనే టైపు చేసి చూపించాను. అన్న ముఖం వెలిగింది, ఆమెతో గొడవ కూడా పెట్టుకున్నారు. కానీ నేను సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతాను కదా.

"వదినా, మీరే రాసి చూపించకూడదూ?"

"నాకు సదువు రాదమ్మా. సంతకం ఒక్కటే అస్తది."

ఆ తర్వాత ఆమెకే ఏదో తోచినట్టుంది. నిటారుగా కూర్చుని, సీరియళ్లలో విన్న యాసలో ఒక్కో మాటా పేర్చుకుంటూ అంది: "మీరు... టీ... తాగుతారా అండీ?"

ఫోను ఒక్క తప్పు లేకుండా రాసింది.

నేను చప్పట్లు కొట్టబోయి అన్న ముఖం చూసి ఆగిపోయాను. ఆయన ఆ వాక్యాన్ని చాలాసేపు చూశారు. తర్వాత ఫోను బోర్లించి, "గీమె ఎవలో నాకు ఎర్క లేదు" అన్నారు.

"మరి నన్నేం జెయ్యమంటవ్?" అంది వదిన. ఆయనకు వినపడలేదు. ఎవరికి చెప్పాలో తెలియనట్టు నా వైపు చూసింది.

ఇంటికి వచ్చి ఆ యాప్ వాళ్లకు పెద్ద ఉత్తరం రాశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని మిషన్ జవాబు వచ్చింది. ఇంకో రెండు యాప్‌లు వెతికి పంపాను. "మంచిగనే ఉన్నది చెల్లె" అన్నారు అన్న. నా మనసు నొచ్చుకోకూడదని అన్నారని నాకు తెలుసు. గ్రూపులో ఎవరైనా వాయిస్ మెసేజ్ పెడితే టీ విరామంలో దాన్ని టైపు చేసి ఆయనకు పంపుతున్నాను. ఆయన ఒక బొటనవేలి గుర్తు పెడతారు. అంతవరకే నా వల్ల అవుతోంది.

మొన్న రహమత్ నగర్ వైపు వెళ్తుంటే కూరగాయల బండి దగ్గర వదిన కనిపించింది. ఎలా ఉన్నారని అడిగాను.

"అవసరముంటె సీరియల్ల లెక్క ఫోన్ల మాట్లాడ్త. అన్నం తిను, మందులేస్కో, కరెంటోడు అచ్చిండు. గంతే" అంది. "తిట్టుడు, ఎక్కిరించుడు దానికి రాదమ్మా. మేమేమో పెండ్లయినకాడికెల్లి తిట్టుకుంటనే బతికినం. ఇప్పుడు ఇంట్ల ఎవలో సుట్టాలున్నట్టున్నం."

వంకాయలు ఏరి తక్కెడలో వేసింది. తర్వాత, "నువ్వు సినిమాలకు రాస్తవ్ గద. నా మాట గూడ ఎట్లన్న గా ఫోన్ల పెట్టరాదా?" అని అడిగింది.

"చూస్తాను వదినా" అన్నాను. ఏం చూస్తానో నాకు తెలియదు. ఆమె తల ఊపి, సంచి భుజానికి తగిలించుకుని, సందులోకి తిరిగింది.