గీత మీద పడిన బంతి

మా తోడికోడలు నడిచిన చోట అడుగు కనిపించదు. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. నడుముకు తాడు కట్టుకుని, ఆ తాడు చివర బారెడు వెడల్పున్న కొబ్బరిపీచు పట్టాను ఈడ్చుకుంటూ టెన్నిస్ కోర్టంతా తిరుగుతుంది. ముందు ఆమె పాదం పడుతుంది, వెనకే పట్టా వచ్చి దాన్ని చెరిపేస్తుంది. అంచుల్లో మొదలుపెట్టి, చుట్లు చుట్లుగా లోపలికి వచ్చి వల దగ్గర ఆగుతుంది. అప్పుడు చూడాలి ఆ ఎర్రమట్టిని. మగ్గం మీంచి అప్పుడే దించిన బట్టలా ఒక్క ముడత ఉండదు.

క్లబ్బులో అందరూ ఆమెను కోర్టమ్మ అంటారు. ఇంట్లో మాకు చిన్నది. నా మరిది భార్య. యాభై నిండిన మనిషిని పట్టుకుని చిన్నదీ అని పిలిస్తే వినేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ ఇంటికి నా తరవాత వచ్చింది కాబట్టి చచ్చేదాకా చిన్నదే.

ఆ కోర్టు మొదట మరిది చేతిలో ఉండేది. ఇనప రోలరు లాగీ లాగీ నడుం విరిగి మంచమెక్కాడు, మళ్లీ దిగలేదు. పని వేరేవాళ్లకు ఇచ్చేద్దామని క్లబ్బు పెద్దలు మాట్లాడుకుంటుంటే చిన్నది వెళ్లి, నేను చేస్తానంది. ఆడమనిషి రోలరేం లాగుతుందని వాళ్లు నవ్వారు. ఆమె వాదించలేదు. మర్నాడు వాళ్లు ఆటకు వచ్చేసరికి కోర్టు తడిపి, దొర్లించి, గీతలకు సున్నం వేసి, గుంజకు ఆనుకుని నిలబడింది.

"ఇదంతా ఎవరు చేశారు?" అని అడిగారు.

"మీ కళ్లకు ఎవరు కనిపిస్తున్నారు?" అంది.

ఆ జవాబుకే నేను దాన్ని తోడికోడలిగా ఒప్పుకున్నాను. అంతదాకా ఏదో మరిది కట్టుకొచ్చిన మనిషి, అంతే.

నాది అదే క్లబ్బులో తువ్వాళ్ల గది. ఆటగాళ్ల చెమట గుడ్డలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఇవ్వడం నా పని. నా కిటికీలోంచి కోర్టంతా కనిపిస్తుంది. నా చదువు ఐదో తరగతి దాటలేదు. రాసినదాంట్లో తప్పులుంటే దిద్దుకోండి. చూసినదాంట్లో మాత్రం దిద్దడానికేమీ లేదు.

ఏడాదికోసారి అక్కడ కలగలుపు జట్ల పోటీ జరుగుతుంది. ఒక్కో జట్టుకు ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. ముందు మగవాళ్లతో మగవాళ్లు, ఆడవాళ్లతో ఆడవాళ్లు ఆడతారు. చివరికి ఆడా మగా జంటలుగా దిగుతారు. కప్పు కోసం కాదు, చూసేవాళ్ల సరదా కోసం. అందుకే ప్రదర్శన పోటీ అంటారు. నేనైతే సంసారం పోటీ అంటాను. బంతి ఇద్దరి మధ్యలోంచి పోతే చాలు, "నీది" అంటే "నీది" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏ ఇంట్లో చూడని భాగోతం అది?

ఎర్రమట్టికి ఒక గుణం ఉంది. బంతి పడిన ప్రతి చోటా కోడిగుడ్డు ఆకారంలో గుర్తు పడుతుంది. గీతను తాకిందా లేదా అని తగువొస్తే అంపైరు కుర్చీ దిగి వచ్చి, ఆ గుర్తు చూసి తీర్పు చెబుతారు. ఒక్కో సెట్టు ముగియగానే కోర్టమ్మ పట్టా ఈడ్చి అన్ని గుర్తులూ చెరిపేస్తుంది కాబట్టి పాతది ఉండకూడదు. ఉందంటే ఆమె పని సరిగ్గా చెయ్యలేదన్నమాట.

ఈ ఏడు కొత్త సెక్రటరీ వచ్చాడు. మట్టి కోర్టుకు మనుషులు కావాలి, సిమెంటుకు చీపురు చాలు అన్నది అతని లెక్క. పోటీకి ముందు చిన్నదాన్ని గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, ఈ మూడు రోజుల్లో నీ కోర్టు మీద ఒక్క మాట వచ్చినా సిమెంటు పోయించేస్తా. ఇక నువ్వు ఇంట్లో కూర్చోవచ్చు."

"నా కోర్టు మీద మాటాండీ? ఆ మాట ఇంకా పుట్టలేదు."

గుమ్మంలో నిలబడి విన్న నేను మురిసిపోయాను. కానీ ఆమె వీపు వెనక చేతిలో ఒక చీపురుపుల్ల ఉంది. దాన్ని గోటితో ముక్కలు ముక్కలుగా తుంచుతూనే ఉంది.

మర్నాడు పొద్దున కిటికీలోంచి చూస్తుంటే చిన్నది తాడు కట్టుకోకముందే కోర్టు ఎడమ మూలకు పరిగెత్తి, మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో మట్టిని గబగబా తుడిచింది. కొత్తగా చూసింది కాదు. ఏళ్ల తరబడి చూస్తున్నదే. ఆరోజు ఎందుకో అడగాలనిపించింది.

"ఏమే, పొద్దున లేస్తే ఆ మూలకే పరిగెడతావు. లంకెబిందెలేమైనా ఉన్నాయా అక్కడ?"

"ఉంటే నీకు చెప్పకుండా తవ్వుకుంటానా అక్కా?"

"చెప్పకుండానే తవ్వుకుంటావు. నీ సంగతి నాకు తెలీదూ."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "రేపు నాతో పాటు రా" అంది, అంతే.

ఆ రాత్రంతా వాన. తెల్లవారాక ఇద్దరం వెళ్లి కోర్టు మీద కప్పిన టార్పాలిన్ తొలగించాం. నీళ్లు లోపలికి దిగి మట్టంతా ముద్దగా ఉంది. ఆ ఎడమ మూల, వెనక గీత మీద, ఒక బంతి గుర్తు. సగం సున్నం మీద, సగం మట్టిలో. చుట్టూ తడి. ఆ గుర్తు ఒక్కటే పొడిగా ఉంది. దాని అంచు నుంచి మట్టి రేణువులు ఇంకా ఒక్కొక్కటీ లోపలికి రాలుతున్నాయి, బంతి ఆ క్షణమే పడి లేచినట్టు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, బంతి ఎటు పోయిందా అని తల తిప్పి చూశాను.

"మూడుసార్లు జానెడు లోతు తవ్వి మట్టి మార్చాను అక్కా" అంది చిన్నది. "అయినా వస్తుంది. ఇదివరకు రోజుకోసారి వచ్చేది. ఈ నెలలో తుడిచిన గంటకే వస్తోంది."

"ఎన్నాళ్ల నుంచే?"

"ఇరవై రెండేళ్లు."

అక్కడే, తడి టార్పాలిన్ మీద కూర్చుని చెప్పింది. అప్పటికి ఆమె పని పట్టుకుని ఏడాది కాలేదు. ఇదే కలగలుపు పోటీ. చివరి సెట్టుకు ముందు పట్టా తాడు తెగింది. ముడేసుకుని తిరిగేసరికి "తొందరగా, తొందరగా" అని పైనుంచి కేకలు. ఎడమ మూల ఒక్కటీ వదిలేసింది. ఎవరు చూస్తారులే అనుకుంది. చివరి పాయింటు. ఎడంచేతి పిల్ల అని ఒక అమ్మాయి ఉండేది, నాకూ గుర్తే, తువ్వాలు ఇస్తే రెండు చేతులా తీసుకునేది. ఆ పిల్ల అవతలి వైపు నుంచి కొట్టిన బంతి సరిగ్గా ఆ మూల గీత మీద పడింది. అవుట్ అని ఇవతలి జంట చేతులెత్తారు. చిన్నది ఆ పక్కనే నిలబడి ఉంది. చూస్తే రెండు గుర్తులు. గీత మీద కొత్తది. వేలెడు దూరంలో, గీత బయట, ముందు సెట్టులో తను చెరపకుండా వదిలేసిన పాతది. ఇవతలి జంట అప్పటికే ఆ పాతదాన్నే వేలితో చూపిస్తున్నారు, ఇక దాన్ని చెరపడానికి లేదు.

రెండూ చూపిస్తే, పాతది ఎందుకుందని అడుగుతారు. ఆడమనిషికి పని ఇస్తే ఇంతేనంటారు. అంపైరు కుర్చీ దిగి వచ్చేలోపు చిన్నది ఒక్క అడుగు ముందుకేసి గీత మీది గుర్తును మడమతో నలిపేసింది. "ఇదొక్కటేనండీ" అని బయటిది చూపించింది.

"ఆ పిల్ల చూసిందా?"

"చూసింది. అవతల వెనక గీత దగ్గర నిలబడి నా మడమ వంకే చూసింది. 'అయితే నేను ఇంకా ఓడిపోలేదు కదా అక్కా?' అంది. జనం నవ్వారు. నేను తల దించుకున్నాను."

ఆ ఏడు తిరగకుండానే ఎడంచేతి పిల్ల జ్వరంతో పోయిందని పేపర్లో చిన్న ముక్క వేశారు. గుర్తు రావడం ఆ మర్నాటి నుంచే మొదలైంది.

నాకు కోపం వచ్చింది. "ఇన్నేళ్లూ ఒక్కరికైనా చెప్పి ఏడవొచ్చు కదే!"

"చెబితే కోర్టు పోదూ? ఈ పట్టా నా నడుముకు లేకపోతే నేనెవర్ని అక్కా?"

జవాబు లేనప్పుడు పెద్దవాళ్లం సలహాలిస్తాం. "సరే, ఇరవై రెండేళ్లు మూసుకున్న నోరు ఇంకో మూడు రోజులు మూసుకో" అన్నాను.

మొదటి రెండు రోజులూ గండం లేకుండా గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం, కళ్లు బైర్లు కమ్మే ఎండ. చివరి జంటల ఆట. ఒక జంటలో సెక్రటరీ మేనకోడలు. ఆ అమ్మాయి బలం కొద్దీ కొట్టిన బంతి వచ్చి ఎడమ మూల పడింది. అవుట్ అని ఇవతలివాళ్లు వేలు చూపించారు. మేనకోడలు నడుం మీద చెయ్యేసుకుని, కాదంది. అంపైరమ్మ కుర్చీ దిగింది. నేను తువ్వాళ్లు అక్కడే పడేసి కోర్టు పక్కకు వచ్చాను.

రెండు గుర్తులు. ఒకటి గీత మీద, ఒకటి వేలెడు బయట.

"ఏమ్మా, ఈ సెట్టుకు ముందు ఈడ్చావు కదా? వీటిలో ఇప్పటిది ఏది?" అని అడిగింది అంపైరమ్మ.

అప్పటికే సెక్రటరీ వచ్చేశాడు. "అందులో అడగడానికేముందండీ? కోర్టమ్మ కోర్టులో పాతవి ఉండవు. గీత మీదది బంతిది, ఆ బయటది ఎవరిదో బూటు మడమ. అంతేగా కోర్టమ్మా?"

తల ఊపితే చాలు. మేనకోడలు గెలుస్తుంది, సెక్రటరీ సంతోషిస్తాడు, కోర్టు మిగులుతుంది. ఊపవే, ఊపు అని నా మనసు గోల పెడుతోంది.

చిన్నది గీత మీది గుర్తునే చూస్తోంది. రేణువులు రాలుతున్నాయి.

"ఇప్పటిది బయటదండీ" అంది. "బంతి అవుట్."

"మరి ఇది?"

"పాతది."

సెక్రటరీ మొహం మాడిపోయింది. "పాతదా? అంటే ఈడ్చలేదా నువ్వు?"

"ఈడ్చానండీ. ఇది పోదు. ఇరవై రెండేళ్ల కిందటిది. అప్పుడు నేనే కాలితో చెరిపి, అవుట్ అని అబద్ధం చెప్పాను. ఎడంచేతి అమ్మాయి కొట్టిన బంతి. గీత మీదే పడింది. ఆ అమ్మాయి ఓడిపోలేదు."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎండకు మతి చెడిందన్నారు ఇంకెవరో. సెక్రటరీ పళ్ల బిగువున, "రేపటి నుంచి పట్టా ముట్టుకోకు" అన్నాడు.

అంపైరమ్మ నవ్వలేదు. వంగి గుర్తును చూసింది. చూస్తూ చూస్తూ ఆమె పెదవులు పాలిపోయాయి. ఏం కనిపించిందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. బంతి లోపల పడిందని చెప్పడానికి అంపైర్లు అరచెయ్యి నేలకు బోర్లా చూపిస్తారు. ఆవిడ ఎవరికీ కనిపించకుండా తన మోకాలి పక్కన అరచెయ్యి బోర్లించింది. గబుక్కున లేచి కుర్చీ వైపు వెళ్లిపోయింది.

ఆ పాయింటుతో ఆట ముగిసింది. మేనకోడలు ఏడుస్తూ పోయింది, జనం పోయారు. ఇంకా ఎండ ఉంది. చిన్నది ఆఖరిసారి తాడు బిగించుకుని కోర్టు రెండు వైపులా ఈడ్చింది. ఎడమ మూలకు వచ్చి ఆగింది. నేనూ వెళ్లి చూశాను. గీత తెల్లగా, నున్నగా ఉంది. పావుగంట నిలబడ్డాం. గుర్తు రాలేదు.

"పోయిందే" అన్నాను. "పద, ఇంటికి పోదాం."

ఆమె కదలలేదు. అవతలి వైపు చూస్తోంది. నేనూ చూశాను. అవతల వెనక గీత దగ్గర, ఈడ్చిన మట్టి మీద, ఒక బూటు అడుగు పడింది. దాని ముందు ఇంకొకటి. చిన్న పాదాలు. తొందరేమీ లేదు, ఆడి అలిసిపోయిన మనిషి నడక. ఒక్కొక్కటే పడుతూ వల దాకా వచ్చి, పక్కపక్కనే రెండూ ఆగాయి.

ఆట అయిపోతే అటువాళ్లూ ఇటువాళ్లూ వల దగ్గరికి వచ్చి చేతులు కలుపుకుంటారు. అది కూడా అయితేనే ఆట అయినట్టు. చిన్నది నడుం తాడు విప్పి కింద పడేసింది. వెళ్లి వలకు ఇవతల నిలబడి చెయ్యి చాచింది. ఆమె మణికట్టు కొంచెం కిందికి వంగింది, ఎవరో చెయ్యి అందుకున్నట్టు.

నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలియదు. "చల్లగా ఉందా?" అని అడిగాను.

"లేదక్కా" అంది చిన్నది, చెయ్యి వెనక్కి తీసుకోకుండానే. "వెచ్చగా ఉంది. చెమట పట్టి ఉంది."