రెండు వాటాల దూలం

మైపాడు దారిలో ఉన్న మా ఊరి ఇంటిని మొదట ఎవరు కట్టారో మా నాయనకు కూడా తెలియదు. అప్పట్లో తాటి స్తంభాల మీద నిలిచిన పూరిల్లట. తర్వాతి తరాల్లో ఎవరో టేకు స్తంభాలు నిలిపి, మండువా తీర్చి, పెంకులు కప్పించారు. తుఫానుకు మట్టిగోడ కరిగినచోటల్లా ఇటుకగోడ లేచింది. గోడలు ఎన్నిసార్లు మారినా ఇల్లు ఒరగలేదు. బరువంతా మోసేది కొయ్యే.

నాయనా, ఆయన తమ్ముడు మా చిన్నాయనా వేరుపడ్డప్పుడు నట్టింట్లో అడ్డగోడ కట్టారు. పెద్ద దూలం మాత్రం ఆ గోడకు ఆనకుండా, దాని మీదుగా రెండు వాటాల్లోకీ సాగి ఉండేది. పొయ్యిలు రెండయ్యాయి, కప్పు ఒకటే.

కొన్నేళ్లకు చిన్నాయన తన వాటా పడగొట్టి స్లాబు వేస్తానన్నాడు.

"దూలం జోలికి పోబాకరా. అది కోసినావంటే మా పక్క నిలవదు," అన్నాడు నాయన.

"నా వాటాలోది నేను కోసుకుంటా. నీది నువ్వు చూసుకోన్నా."

మర్నాడే రంపం పెట్టించాడు. పొట్టు మా వైపూ రాలింది. నాయన తెగిన కొస కింద సర్వి కర్రలు ఆసరాగా నిలబెట్టాడు.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. నానిన పెంకుల బరువుకు కర్రలు జారి, పట్టపగలే మా నట్టిల్లు కూలింది. అమ్మ దొడ్లో ఉండబట్టి బతికింది. చిన్నాయన గొడుగేసుకుని వచ్చి చూశాడు.

"పాత కొయ్యని నమ్ముకోబాకండని నేనప్పుడే చెప్పినా," అన్నాడు.

అంతవరకు ఆయన దగ్గరున్న మా జేజి, వాళ్లిద్దరినీ కన్నతల్లి, ఆ సాయంత్రమే బట్టల మూటతో మా వైపు వచ్చేసింది. "ఆ కొంపలో నాకు కూడు దిగదు," అంది. మిగిలిన గోడల మీద రేకులు వేసుకున్నాం. ఎండాకాలమంతా నెత్తిన తడిగుడ్డ వేసుకుని కూర్చునేది. చిన్నాయన ఏసీ గది ఇస్తానన్నా కదల్లేదు. ఆ రేకుల కిందే పోయింది.

"నలుగురూ వస్తారు. ఈడ యాడ కూర్చుంటారన్నా? అమ్మని మా హాల్లో పెడదాం," అన్నాడు చిన్నాయన.

"జేజికిష్టం లేదు నాయనా," అన్నాను నేను.

"పోనీరా. జనం చూస్తా ఉండారు," అన్నాడు నాయన.

జేజిని ఎత్తుకెళ్లి ఆ హాల్లో పాలరాతి నేల మీద పడుకోబెట్టారు. పలకరింపుకు వచ్చినవాళ్లు చుట్టూ చూసి, చిన్నకొడుకు తల్లిని ఎంత బాగా చూసుకున్నాడో అన్నారు.

పెద్దకర్మ నాడు భోజనాలూ అక్కడే. నాయన పంక్తిలో కూర్చుని తిన్నాడు. నేను తినలేదు. దానివల్ల చిన్నాయనకు పోయిందేమీ లేదు.