కారం బొంత

నా చిన్నప్పుడు ఒక పసిబిడ్డ ఒంటికి కారం అంటించాను. కావాలని చేసింది కాదు. కానీ అది నా వల్లే అయిందని తెలిసి కూడా, దానికి ఇంకొక మనిషిని ఊరు తిడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. అది మాత్రం కావాలని చేసిందే. నలభైకి దగ్గరపడ్డాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు కంటే ముందు కోపం వస్తుంది. నా మీద, మా ఇంటి మీద, ఆ వేళ నవ్విన వాళ్లందరి మీద.

మాది ఒంగోలు నుంచి కనిగిరి వెళ్లే దారిలో లోపలికి ఉన్న ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఏడాది మా వైపు పొగాకు వేయలేదు. అందరూ మిరప వేశారు. ఆకును వేడికి ఆరబెట్టే మా పొగాకు బ్యారన్ ఖాళీగా పడి ఉంటే, మా నాయనమ్మ దాని తాళం తాతయ్య దగ్గర అడిగి తీసుకుంది. అడిగింది అని మర్యాదకు అంటున్నాను. లాక్కుంది.

అంతకు ముందు మా ఊరి ఆడవాళ్లు ఎవరి వసారాలో వాళ్లు కూర్చుని బొంతలు కుట్టుకునేవాళ్లు. పాత నేత చీరలు నాలుగైదు వరసలు పరిచి, మధ్యలో పలచగా ఏకిన దూది వేసి, అంచులు మడిచి, ఈ చివర నుంచి ఆ చివరకు కుట్టుకుంటూ పోవాలి. ఒక్కరే కుడితే ఎండాకాలమంతా పడుతుంది, నడుం పడిపోతుంది. అందరూ ఒకచోట చేరితే వారంలో ఒక బొంత తేలిపోతుందని నాయనమ్మ లెక్క. బ్యారన్ అంటే రెండంతస్తుల ఎత్తున్న ఒకే ఒక్క గది. కిటికీలుండవు. పొగాకు కర్రలు వేలాడదీసే వాసాలు అడ్డంగా వరసలు వరసలుగా ఉంటాయి. నాయనమ్మ నేల అలికించింది. కింది వాసాల మీద ఉతికిన చీరలు, వాటి పైన పాత పంచెలు సర్దింది. ఆ పై వాసాలు పావురాలకు వదిలేసింది. చూపు తగ్గిన వాళ్లకు గుమ్మం దగ్గర వెలుగులో చోటు. ఒక్కటే కట్టడి, లోపల అత్తల్ని తిట్టకూడదు. ఎందుకంటే కుట్టేవాళ్లలో సగం మంది అత్తలే.

అక్కడికి చర్చి వీధి నుంచి ఒక అక్క వచ్చేది. పగలంతా ఊరి చివర షెడ్డులో కూలికి మిరపకాయల తొడిమలు తీసేది. పని దిగాక చేతులకు మజ్జిగ రుద్దుకుని, సబ్బు పెట్టి కడుక్కుని, అప్పుడు వచ్చి సూది పట్టేది. ఆమె కుట్టు తాడు పట్టి గీసినట్టు ఉండేది. నోరు మాత్రం ఊరంత. పక్కవాళ్ల కుట్టు వంకర పోతే ఊరుకునేది కాదు. "ఏం పిన్నీ, బొంత కుడుతున్నావా, కోడి గీరినట్టు గీరుతున్నావా?" అనేది. ఆమె పక్కన కూర్చోవడం ఇష్టం లేక కొందరు చాపలు జరుపుకునేవాళ్లు. అది చూసి నాయనమ్మ తన చాప తీసుకెళ్లి ఆమె పక్కన వేసుకుంది. ఆ సంగతి కూడా చెప్పాలి. నాయనమ్మ మంచిది కాకపోతే ఆ తర్వాత జరిగింది నాకింత నొప్పిగా ఉండేది కాదు.

ఆ ఎండల్లోనే మేడింటి పెద్దమ్మ కూతురు పుట్టింట్లో పురుడు పోసుకుంది, ఆడపిల్ల. తొలి బిడ్డకు నలుగురిళ్ల చీరలు కలిపి చిన్న బొంత కుట్టడం మా ఊరి అలవాటు. ఎన్ని ఇళ్ల చీరలు కలిస్తే బిడ్డకు అంత నిద్ర పడుతుందనేవాళ్లు. అందరూ తలా ఒక చెంగు ఇచ్చారు. అంచు మడతలన్నీ అక్కే కుట్టింది. బారసాల నాటికి ఇవ్వాలని మడిచి వాసం మీద పెట్టారు.

మా మిరపకాయల కల్లం ఆ బ్యారన్ వెనకే. ఆ రోజు మధ్యాహ్నం నాన్న అన్నానికి వెళుతూ నన్ను కాపలా ఉంచాడు. ఎండిన కాయంతా రాశి పోసి ఉంది, బస్తాలకు ఎత్తడానికి. ఎర్రటి గుట్ట. దాని మీద నుంచి జారితే ఎలా ఉంటుందోనని ఎన్నాళ్లుగానో నాకు యావ. వట్టి లాగుతో జారితే ఏమవుతుందో మిరప పండించే ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. మందంగా ఏదైనా కావాలి. ఆడవాళ్లు ఇంకా రాని బ్యారన్ లోపలికి వెళ్లి, చేతికందిన చిన్న బొంత తెచ్చి, మడత మీద మడత వేసి, దాని మీద కూర్చుని జారాను. ఎన్నిసార్లు జారానో గుర్తు లేదు. ఒంటికి ఏమీ మండలేదు, బొంత అంత బాగా కుట్టారు. నాన్న సైకిల్ బెల్లు వినపడగానే దులిపి, మడిచి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. కాయల రోజుల్లో మా ఊళ్లో గాలే ఘాటుగా ఉంటుంది. అందులో ఒక బొంత ఘాటుగా ఉంటే ఎవరికి తెలుస్తుంది?

బారసాల నాడు బిడ్డకు నలుగు పెట్టి, నీళ్లు పోసి, ఒంటి మీద గుడ్డ లేకుండా ఆ బొంత మీద పడుకోబెట్టారు. కాసేపటికి బిడ్డ గుక్క పట్టింది. వీపు ఎర్రగా కందిపోయింది. ఎత్తుకున్న తల్లి అదే చేత్తో కన్ను తుడుచుకుని, అమ్మా మంట అని కేక పెట్టింది. చల్లటి మజ్జిగతో ఒళ్లంతా తుడిచారు, కొబ్బరినూనె రాశారు. డాక్టరు వచ్చి భయం లేదన్నాడు. సాయంత్రానికి బిడ్డ తేరుకుంది. మేడింటి పెద్దమ్మ మాత్రం వీధిలోకి వచ్చి నిలబడింది.

"దాని చేతుల్నిండా కారమే! పొద్దస్తమానం తొడిమలు తీసే చేతులు! ఆ చేతుల్తో పసిగుడ్డు బొంత కుట్టిస్తారా? ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియకపోతే ఇదిగో, ఇట్టాగే ఉంటది!"

చివరి మాట మా నాయనమ్మకు. అందరికీ అర్థమైంది. నేను అక్కడే ఉన్నాను, చేతిలో బారసాల శనగలు. ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ విన్నాను. ఆ రాత్రే మేడింటి నుంచి అక్కకు కబురు వెళ్లింది, ఇంక బ్యారన్‌కు రావద్దని.

ఆమె మర్నాడే వచ్చింది. నేరుగా మేడింటికి వెళ్లి, పెరట్లో పారేసిన ఆ బొంత తీసుకుని, బ్యారన్ గుమ్మంలో అందరి ముందు పరిచి, బ్లేడుతో అంచు కోసింది. తను కుట్టిన అంచు తనే కోసింది. మడతలోంచి మిరపగింజలు రాలాయి.

"నా చేతులు మిరపచెట్లా అమ్మా, గింజలు రాలడానికి?"

ఆమె బొంత తిరగేసింది. "ఎవడో దీని మీద కూర్చుని దేకాడు. చూడండి, అడుగు కుట్లన్నీ ఒకే పక్కకి తెగినయ్. దేకినోడి లాగు ఎనకాల గింజలు ఇంకా అంటుకునే ఉంటయ్."

అప్పటికి ఎన్నో రోజులైంది, ఆ లాగు ఎన్నోసార్లు ఉతుక్కొచ్చింది. అయినా నా చెయ్యి నా మాట వినలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను లాగు వెనక తడుముకున్నాను. అక్క నా వైపే చూస్తోంది. నాయనమ్మ కూడా చూసింది.

ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. నాయనమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా, "ఎలకలు తెచ్చుంటాయిలే," అంది.

అక్క లేచి కొంగు దులుపుకుంది. "ఎలకే అమ్మా. లాగు తొడుక్కున్న ఎలక."

ఆమె వెళ్లిపోయాక ఆడవాళ్లు నవ్వారు. అర్థం కాని వాళ్లు నవ్వారు, అర్థమైన వాళ్లూ నవ్వారు. బ్యారన్ మాది కదా.

ఇంట్లో నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పూట అన్నంలో నెయ్యి ఎక్కువ వేసింది. కొడుతుందని ఎదురుచూసిన పిల్లవాడికి ఆ నెయ్యి ఎలా దిగుతుంది? నా తప్పును ఆమె కొంగులో మూట కట్టుకుంది, దాని ఖరీదు ఇంకొకరి చేత కట్టించింది. మనవాడి మీద ప్రేమ అనే అంటారు దాన్ని. నాకు ఆ ప్రేమ మీద కోపం వచ్చింది. దాని చాటున దాక్కున్నందుకు నా మీద ఇంకా కోపం వచ్చింది.

రెండు రోజులు తట్టుకుని, తర్వాత షెడ్డుకు వెళ్లాను. ఆడవాళ్లందరూ మూతులకు గుడ్డలు కట్టుకుని కాయల మధ్య కూర్చున్నారు. అక్క ముందు నిలబడి, నేనే చేశానని చెప్పాను. తప్పయిందన్నాను. ఏడుపు కూడా వచ్చింది. ఆమె మెత్తబడుతుందని, దగ్గరకు తీసుకుంటుందని లోపల ఆశ. ఆమె తొడిమలు తీయడం ఆపలేదు.

"ఇది నాకు చెప్పడానికి ఇంత దూరం వచ్చావా? నాకు ఆ రోజే తెలుసు గదరా. తెలిసినదానికి చెప్తే నీ కడుపులో బరువు దిగుద్ది. నా మీద పడ్డ మాట దిగుద్దా?"

"పసోడులేవే, వదిలెయ్," అంది పక్కామె.

"పసోడని నేను వదిలేస్తా సరే. కూలిదని వాళ్లు నన్ను వదిలారా?" అని, నా వైపు తిరిగింది. "నన్నన్న నోళ్లు ఎక్కడున్నయ్యో అక్కడికి పోయి చెప్పు. పో."

నేరుగా బ్యారన్‌కు వెళ్లాను. గుమ్మంలో నిలబడితే లోపలికి వెలుగు ఆగిపోయింది, అందరూ తలలెత్తారు. రాశి మీద నుంచి జారడం దగ్గర మొదలుపెట్టి, శనగలు తింటూ ఊరుకోవడం దాకా చెప్పాను. నేను చెప్పడం అయిపోయాక ఒక పిన్ని, కుట్టడం ఆపకుండానే, "తెలిసిందేగా," అంది. ఆ ఒక్క మాట నేను ఇన్నేళ్లయినా మింగలేకపోతున్నాను. తెలిసిందేనట. తెలిసే, ఆమె చోటు ఖాళీగా ఉంచి, సర్దుకుని కూర్చుని కుట్టుకుంటున్నారు.

నాయనమ్మ లేచి వచ్చి చెంప మీద కొట్టింది. ఆ దెబ్బ తప్పు చేసినందుకో, నలుగురిలో ఒప్పుకున్నందుకో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని చర్చి వీధికి నడిచింది. అక్క షెడ్డు నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటోంది. నాయనమ్మ గుమ్మం ముందు నిలబడి, "రావే. నా చాప పక్కన చోటు అట్టాగే ఉంది," అంది.

"మీరు అనలేదు గదమ్మా. మాట్లాడకుండా ఊరుకున్నారు. ఆ లెక్క మనం తర్వాత చూసుకుందాం. ముందు అన్నావిడ రావాల," అంది అక్క.

మర్నాడు నేనొక్కడినే మేడింటికి వెళ్లాను. పెద్దమ్మ అంతా విని తేలిగ్గా నవ్వింది. "సరేలేరా, చిన్నపిల్లోడివి, తెలియక చేశావు. బిడ్డ బాగానే ఉందిగా. పోయి ఆడుకో."

"నాతో కాదు పెద్దమ్మా. తప్పయిందని ఆ అక్కతో అనండి."

"దాని ఇంటికి నేను పోవాలా? మీ నాన్నతో చెప్తానుండు!"

చెప్పండన్నాను. అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ తలుపు వేసుకుంది. దారిన పోయే వాళ్లు, ఏరా ఇక్కడ కూర్చున్నావేంటి అని అడిగారు. అడిగిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పాను, ఎవరి వల్ల కారం అంటిందో, ఎవరు మాట పడ్డారో, ఎవరు అన్నారో. ఎవరూ అడగకపోతే పిలిచి మరీ చెప్పాను. మాట గట్టిగానే వచ్చింది. నాన్న వచ్చి రెక్క పట్టి లాగితే, అరుగు స్తంభం పట్టుకున్నాను. ఊళ్లోకి పాలు పోయించుకోవడానికి వెళ్లే వాళ్లందరూ అక్కడ ఆగి వినడం మొదలయ్యాక తలుపు తెరుచుకుంది.

"చాల్లే, నోర్ముయ్. వస్తున్నా," అని పెద్దమ్మ చెప్పులేసుకుంది. ఆవిడ చెప్పులేసుకునేదాకా నేను అరుగు దిగలేదు.

వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. పెద్దమ్మ వెనకే చర్చి వీధికి వెళితే, అక్క నన్ను వీధి మొదట్లోనే ఆపేసింది. "నీ పని అయింది. ఇది మా ఇద్దరి పని." తర్వాతి వారం బ్యారన్‌లో మళ్లీ ఆమె గొంతు వినపడింది, ఎవరి కుట్టో వంకరపోయిందని. నాతో మాత్రం ఆ ఎండాకాలమంతా మాట్లాడలేదు. నేనూ క్షమించమని మళ్లీ అడగలేదు. అది ఆమె ఇష్టం.

ఈ వయసుకు తప్పులు చేయడం మానేశానని చెప్పను. నా వల్ల ఒకరు మాట పడినప్పుడు, వాళ్లను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి తప్పయిందని చెప్పి బయటపడాలనే ఇప్పటికీ ముందుగా అనిపిస్తుంది. నోటిదాకా వచ్చిన ఆ మాటను ఆపుకుని, ఆ మనిషిని ఎక్కడ అన్నారో అక్కడికే వెళతాను. ఒక్కోసారి ఆలస్యంగా వెళతాను. గుమ్మంలో నిలబడి, అందరికీ వినపడేలా చెబుతాను.