ఉప్పెక్కువైన ఇంజన్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆయిల్ డీలర్ దగ్గర పనిచేసేదాన్ని. లారీల్లోంచి తీసిన పాత ఇంజనాయిల్ శాంపిళ్లు చెన్నైలో ఒక ల్యాబ్‌కి వెళ్లేవి. అక్కణ్నుంచి ఫ్యాక్సులో వచ్చే అంకెలు చూసి, ఇంజన్ లోపల ఏం జరుగుతోందో ఓనర్లకు చెప్పడం నా పని. ఇనుము పెరిగితే అరుగుదల, సిలికాన్ పెరిగితే దుమ్ము, సోడియం పెరిగితే రేడియేటర్ నీళ్లు ఆయిల్లోకి దిగుతున్నాయని అనుమానం. జాతకాలు చెప్పేవాళ్ల కన్నా నాకు గిరాకీ ఎక్కువ, మర్యాద తక్కువ.

కైకలూరులో మా బాబాయికి ఒక్కటే లారీ. చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసులో పెట్టి కలకత్తా తోలేవాడు. నా చదువు మీద నమ్మకంతో కాదు, అన్నగారి కూతురు అడిగింది కదా అని ఓ శాంపిల్ కొరియర్లో పంపాడు. రిపోర్టులో సోడియం నెత్తికెక్కి కూర్చుంది. రేడియేటర్ నీళ్లు కలుస్తున్నట్టుంది, ఇంజన్ చూపించుకోండని ల్యాబ్ వాళ్లు కింద రాశారు.

బాబాయి హడలిపోయి లారీ వేసుకుని వచ్చేశాడు. ఇంజన్ విప్పడమంటే మా పక్క షెడ్డు మెకానిక్ గారికి పెళ్లి భోజనం. అప్పటికే పానాలు, స్క్రూడ్రైవర్లు తీసి వరసగా పరిచేశారు. విప్పితే వారం పడుతుంది. మర్నాడేమో ఒక పెద్ద చెరువులో చేపల పట్టుబడి. లారీ రాకపోతే ఆ చెరువు ఆసామి ఇంకో బండి మాట్లాడుకుంటాడు, ఇక బాబాయిని పిలవడు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది.

కానీ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు. నిజంగా నీళ్లు దిగితే ఆయిల్ చిక్కదనం మారాలి, బేరింగులు అరిగి రాగి పెరగాలి, రేడియేటర్లో నీళ్లు తగ్గాలి. ఇక్కడ సోడియం ఒక్కటే ఎగిరెగిరి పడుతోంది, మిగతావన్నీ బుద్ధిగా ఉన్నాయి. రేడియేటర్లో చుక్క తగ్గలేదని బాబాయే చెప్పాడు. శాంపిల్ మేమిచ్చిన సీసాలోనే పోశావా అని అడిగాను. బాబాయి లారీ టైర్ల వైపు చూడటం మొదలుపెట్టాడు.

మా వైపు మంచి మూతున్న సీసా ఏది ఇంట్లోకొచ్చినా అది వంటింటి ఆస్తి. పిన్నికి ఫోన్ చేశాను. మా సీసాలో జీలకర్ర పోసుకుని, దాని బదులు ఆవకాయ సీసా ఇచ్చిందట.

"శుభ్రంగా తోమి, ఎండబెట్టి మరీ ఇచ్చానమ్మా," అంది.

సీసా తోమింది సరే. మూత లోపలి అట్టబిళ్ల ఏళ్ల తరబడి ఉప్పు పీల్చుకుని ఉంది. చెన్నై దాకా కుదుపులకి ఆయిల్ దాన్ని కడుక్కుంటూ వెళ్లింది.

మెకానిక్ గారు నమ్మలేదు. ఇనప రేకు బాగా కాల్చి, ఇంజన్లోంచి అప్పుడే తీసిన ఆయిల్ చుక్క దాని మీద వేశాను. నీళ్లుంటే చిటపటలాడాలి. ముగ్గురం వంగి చెవులు రిక్కించాం. పొగ వచ్చింది గానీ చప్పుడు రాలేదు.

"లోడెక్కించుకో బాబాయ్," అన్నాను.

పైకి ధీమాగా అనేశాను గానీ, లారీ కలకత్తా వెళ్లి తిరిగొచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. లారీ నిక్షేపంగా వచ్చింది. ఈలోగా కొత్త సీసాలో పంపిన శాంపిల్ రిపోర్టూ వచ్చింది. సోడియం తగ్గి దాని హద్దులో అది ఉంది.

బాబాయికి ఆ కొత్త రిపోర్టు అక్కర్లేదట, పాతదే కావాలట. పెళ్లయినప్పటి నుంచీ పిన్ని ఆవకాయలో ఉప్పెక్కువని ఆయన గొడవ. ఆవిడ ఏనాడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు చెన్నై ల్యాబే రాసిచ్చింది. ఆ ఆదివారం నన్ను సాక్షిగా భోజనానికి పిలిచి, కంచం ముందు కూర్చుని సోడియం అంకె గట్టిగా చదివి వినిపించాడు.

పిన్ని అంతా విని, ఆయన అన్నంలో ఇంకో పెద్ద ఆవకాయ ముక్క వేసింది.

"ఇన్నేళ్లుగా తింటున్నారు కదండీ, మీ ఇంజన్ ఏమన్నా పాడైందా?"

బాబాయి సాయం కోసం నా వైపు చూశాడు. నేను పిన్ని ముందుకు నా కంచం జరిపి, నాకూ ఓ ముక్క వేయమన్నాను.