వేరుతో సహా

డోడో పిట్ట పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాపం, దాని తప్పేం లేదు. నా కోపమంతా దాని కథ చెప్పిన మా బోటనీ మాస్టారి మీద.

యాభైల చివర్లో, బందరు కాలేజీలో. ఎక్కడో సముద్రం మధ్య లంకలో ఉండేదట ఆ పిట్ట. ఎగరడం రాదు, మనిషంటే భయం తెలీదు. ఓడ దిగినవాళ్ళకి ఎదురెళ్ళి మరీ చచ్చింది, జాతి మొత్తం పోయింది అని చెబుతూ ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. మనసున్న మనిషి అనుకున్నాను. పిచ్చిదాన్ని! క్లాసయ్యాక వెంటపడి చెప్పాను, దివిసీమలో మా ఊరి ఉప్పుకాలవ గట్టున ఒక మొక్క ఉందండీ, ఇంకెక్కడా కనపడటం లేదండీ అని.

చేతిలో జెల్ల చేప ముల్లు దిగితే మా నాయనమ్మ ఆ ఆకే నూరి కట్టేది. మొక్కకి ఒక్క ఆకే తుంచాలి, వేరు జోలికి పోకూడదు. అది మా ఇళ్ళలో కట్టుబాటు. ఒకప్పుడు గట్టు పొడుగునా ఉండేదట. గట్లు చదును చేసి వరి వేసేకొద్దీ తరిగిపోయి, చివరికి కాలవ మలుపులో కాసిని మిగిలాయి.

"అయితే అది మన డోడోనేనమ్మా! పిట్ట ఎగరలేకపోయింది, ఇది కదల్లేదు, అంతే తేడా. పదండి, చూసొద్దాం" అన్నారు మాస్టారు.

క్లాసు క్లాసంతా అవనిగడ్డ బస్సెక్కి మా ఊళ్ళో దిగింది. నాయనమ్మ అందరి కోసం ప్రార్థన చేసి, మజ్జిగలు పోసి, తనే ముందు నడిచి చోటు చూపించింది. ఊళ్ళోవాళ్ళకే ఆ చోటు సరిగ్గా చెప్పేది కాదు.

అప్పట్లో పరీక్షకి ప్రతివాళ్ళూ మొక్కల్ని ఎండబెట్టి అట్టలకి అంటించి ఇవ్వాలి. "వేరుతో సహా తియ్యండి, వేరు లేకపోతే మార్కులుండవు" అన్నారు మాస్టారు. వద్దండీ, వద్దండీ అని మొత్తుకున్నాను. వినిపించుకుంటేనా!

నాయనమ్మకి అర్థం కాలేదు. "మళ్ళీ ఎక్కడ నాటుతారండీ?" అని అడిగింది.

"నాటడం కాదండీ, ఎండబెట్టి దాచుకుంటాం. ఇక ఎప్పటికీ పోదు" అన్నారాయన నవ్వుతూ.

అంతే తేడానట! డోడోని చంపినవాళ్ళకి ఆ జాతికి అవే ఆఖరివని తెలీదు. ఈయనకి తెలుసు. నేనే చెప్పాను. తెలిసీ ఒక్కటీ మిగలకుండా పీకించాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే.

వానలు పడ్డాక నాయనమ్మ వెళ్ళి చూసొచ్చింది. ఒక్క మొలకా లేదు. ఆ సెలవుల్లో పెరట్లో ఏదో ఆకు తెంపి, దీని పేరేంటే నాయనమ్మా అని అడిగాను.

"నాకేం తెలుసండీ" అంది, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. "మీరు చదువుకున్నోళ్ళు."