కూత తెగిన శుక్రవారం

గల్ఫ్‌లో, సల్మాబాద్‌లో మా కూలీల క్యాంపు వెనక, గ్యారేజీలకూ గోడౌన్లకూ మధ్య ఖాళీ జాగా ఉంది. శుక్రవారం సాయంత్రాలు అక్కడ కబడ్డీ ఆడతాం. ఊళ్లో ఉన్నప్పుడు జిల్లా జట్టుకు ఆడినవాణ్ణి కాబట్టి మొదటి కూతకు నన్నే పంపేవారు. అవతలి జట్టులో మా ఫోర్‌మన్ ఉండేవాడు. అతనిదీ మా జిల్లాయే, కాకపోతే మైదాన ప్రాంతం వైపు. నేను కొండల్లోని గోండువాణ్ణి. సైటు మీద అతను ఏనాడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. "యల్లా, జల్ది నడువ్, అడివోడా!" అనేవాడు.

ఆ శుక్రవారం అతన్ని ఔట్ చేశాను. చూస్తున్నవాళ్లు నవ్వారు. మళ్లీ కూతకు వెళ్లినప్పుడు ఎడమ వైపు నుంచి వచ్చాడు. నాకు ఆ వైపు చెవి వినిపించదు. కాలు పట్టి పడేసి, మెడ మీద మోకాలు పెట్టాడు. నా కూత తెగింది. ఆటైతే అక్కడితో అయిపోవాలి. అతను లేవలేదు. నా మొహాన్ని కంకరలో రుద్దుతూ, "ఉడుతలు తినెటోనికి కబడ్డీ ఎందుకురా?" అన్నాడు.

అతని మణికట్టు కొరికాను. కిందపడేసి ఛాతీ మీద కూర్చున్నాను. ముక్కు ఎముక విరిగిన చప్పుడు విన్నాక కూడా గుద్దుతూనే ఉన్నాను. నా కళ్లకు కనిపిస్తున్నది ఫోర్‌మన్ కాదు, మా వార్డెన్.

చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో చేరేనాటికి నాకు తెలుగు రాదు. అన్నం తింటూ మా మాటలో "ఏర్" అని నీళ్లడిగాను. వార్డెన్ వెనక నుంచి వచ్చి ఎడమ చెవి మీద కొట్టాడు. నెత్తురు కంచంలో పడింది. "తెలుగుల అడుగు" అన్నాడు. ఆ మాట రాదు. రాలేదని మళ్లీ కొట్టాడు. తర్వాత బెల్టు తీశాడు. నేను కబడ్డీ నేర్చుకున్నది అతని చేతుల్లోంచి జారిపోవడానికే.

ఆ శుక్రవారం నలుగురు కలిసి నన్ను ఫోర్‌మన్ మీంచి లాగి క్యాంపు వంటగదిలో కూలేశారు. వంటాయనది కాకినాడ వైపు. వేళ్లకు కట్టు కడదామని వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశాడు. తిరిగి గుద్దేశాను. పెదవి చిట్లింది. ఆయన నోరు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"నన్ను కాదు కదరా నువ్వు కొట్టింది. ఎవడాడు?"

"వార్డెన్."

"చెప్పు."

"ఏం జెప్పాలె?"

"ఏదోటి చెప్పు. నేనెక్కడికీ పోను."

అంతవరకూ ఎవరికీ చెప్పనిదంతా చెప్పాను. ఏడ్చాను, గోడను గుద్దాను. పొయ్యి మీద పప్పు మాడి కంపు కొడుతున్నా ఆయన లేవలేదు.

నా చేతిలో దెబ్బలు తిన్నానని చెప్పుకోవడం ఫోర్‌మన్‌కు నామోషీ. ఆటలో పడ్డానని కంపెనీకి చెప్పాడు. ముక్కుకు కట్టుతోనే మెస్సుకొచ్చి, "అడివోడు ఏడున్నడు?" అన్నాడు. వంటాయన గరిటె గిన్నెలో పెట్టేశాడు.

"ఆ మాటన్నోడికి నా చేత్తో అన్నం పెట్టను. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో, ఖలాస్."

వరుసలో ఉన్నవాళ్లెవరూ అతని వైపు మాట్లాడలేదు. ఫోర్‌మన్ ఖాళీ కంచంతోనే బయటికి పోయాడు. ఆ తర్వాత నా ముందు ఆ మాట అనలేదు. వెనక అంటాడేమో తెలియదు.

వెనక ఎవరైనా కదిలితే ఇప్పటికీ నా పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది. కానీ ఊళ్లో ఉన్న అక్కతో ఫోన్లో ఇప్పుడు, ఇదివరకులా బయటికి పోకుండా గదిలోనే, గట్టిగా గోండిలో మాట్లాడుతున్నాను. పక్క మంచం అతను, "గదేం భాషనే అన్నా, మంచిగున్నది" అని నాలుగు మాటలు నేర్చుకున్నాడు. అన్నీ తప్పే పలుకుతాడు. అది విని అక్క ఫోన్లో అవతల పడీ పడీ నవ్వుతుంది.