మేస్త్రి మామ తాగని టీ

మేస్త్రి మామ పోయాడన్న కబురు నాకు కాలేజీ స్టాఫ్ రూములో తెలిసింది. ఆయన కూతురు ఫోన్ చేసి, "నాన్న పోయారన్నా. పొద్దున టిఫిన్ తిని పడుకున్నాయన మళ్ళీ లేవలేదు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత తీసుకెళ్తారు" అని గబగబా చెప్పి పెట్టేసింది. మొదట దుఃఖం కలిగిందని రాసుకోవాలని ఉంది. కానీ కాదు. ఇక ఆయనకి ఎదురుపడక్కర్లేదన్న తేలిక కలిగింది. అది ఒక్క క్షణమే ఉంది. ఉన్నమాట మాత్రం నిజం. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది అందుకే.

నరసరావుపేటలో మా పాత ఇంటి పక్కనే ఆయన మెకానిక్ షెడ్డు. నాన్న స్కూటర్ మొదలుకుని మా ఇంట్లో చక్రాలున్న ప్రతిదీ ఆయన చేతి చలవతో నడిచిందే. ఏ చుట్టరికం లేకపోయినా నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. సాయంత్రం అయ్యేసరికి స్పానర్లన్నీ కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, సైజు ప్రకారం గోడకి తగిలించేవాడు. నేను సరదాకి రెండు స్పానర్లు అటూ ఇటూ మార్చిపెడితే ఏమీ అనేవాడు కాదు. మళ్ళీ సర్దుకుని, "చదువుకునే పిల్లోడివి, నీకు సైజులు తెలవ్వులే" అనేవాడు. తరవాత నేను ఫిజిక్స్ లెక్చరర్ని అయ్యాక కూడా అదే మాట.

పాత కారు కొనాలంటే చుట్టుపక్కల చాలామంది ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. అమ్మేవాళ్ళ ఇంటికి చేరగానే, పలకరింపుల కంటే ముందు, బానెట్ మీద అరచెయ్యి పెట్టేవాడు. వెచ్చగా తగిలిందా, ఇక లోపలికి చూసేవాడు కాదు. "మనం వచ్చేసరికే స్టార్ట్ చేసి పెట్టాడంటే, చల్లటి ఇంజన్లో మనం వినగూడని సౌండ్ ఏందో ఉన్నట్టే" అనేవాడు.

ఇంకో పద్ధతి ఉంది. బండిలో ఎంత పెద్ద లోపం కనిపించినా అమ్మేవాడి ముందు ఒక్క మాట అనేవాడు కాదు. "వాడు ఇష్టపడి కొనుక్కున్న బండిరా అది. వాడి వాకిట్లో నిలబడి దాన్ని తిడతామా" అనేవాడు. బండి చూశాక ఎవరైనా టీ ఇస్తారు కదా. బండి మంచిదైతే ఆ టీ తాగేవాడు. కాకపోతే ముట్టుకునేవాడు కాదు, మంచినీళ్ళు అడిగేవాడు. ఒకరి టీ తాగి వాళ్ళ బండి వద్దనడం ఆయన దృష్టిలో నమ్మకద్రోహం. కొనేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. టీ గ్లాసు నిండుగా ఉండిపోతే మర్యాదగా ఏదో సాకు చెప్పి లేచేవాళ్ళు. మా నాన్నకి తెలుసు. నాకూ తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి.

నలభై మూడేళ్ళ వయసులో నాకు స్పోర్ట్స్ కారు పిచ్చి పట్టింది. టర్బో ఇంజన్ కావాలి. కొత్తది మన జీతానికి అందదు కాబట్టి పాతదే గతి. "ఈ వయసులో మగాళ్ళు జుట్టుకి రంగేసుకుంటారు, మీరు ఎర్ర రంగు కారు వెతుకుతున్నారు, అంతే తేడా" అంది మా ఆవిడ. వెతగ్గా వెతగ్గా రెండు కార్లు దొరికాయి. గురజాలలో ఒక డాక్టరు గారిది బూడిద రంగు కారు, మాన్యువల్. మాచర్లలో లారీల ఓనరు ఒకాయనది ఎర్రది, ఆటోమేటిక్. మామ దగ్గరికి వెళ్ళాను.

"చూసొద్దాంలే గానీ, మాన్యువలే తీసుకో అల్లుడా" అన్నాడు.

"ఎడమ మోకాలు నొప్పి మామా. పేట ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ చస్తున్నా."

"క్లచ్ పోతే నీ కాలికి ముందే తెలుస్తది. నేను బాగుజేస్తా. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఏం జరుగుతుందో దానికే ఎరుక. మనకి చెప్పదు. చెప్పేనాటికి మన చేతిలో ఉండదు."

"నీకు రాని పని కాబట్టి వద్దంటున్నావు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయన కూడా నవ్వాడు, "నిజమేలే" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆయన్ని ఎక్కించుకుని బయల్దేరాను. గురజాలలో బానెట్ చల్లగా ఉంది. టర్బో నుంచి వచ్చే గొట్టం ఊడదీసి లోపల వేలు తిప్పి చూశాడు. వేలికి నూనె తడి సన్నగా అంటింది, అది మామూలే అన్నాడు. రోడ్డెక్కాక మూడో గేర్లో కాలు గట్టిగా నొక్కమని, కళ్ళు మూసుకుని ఇంజన్ చప్పుడు విన్నాడు. డాక్టరు గారమ్మాయి టీ తెచ్చింది. పంచదార దండిగా పడిన టీ. షుగర్ జబ్బు ఉండి కూడా మామ గ్లాసు ఖాళీ చేసి, "ఇంకో చుక్క ఉందామ్మా" అని అడిగి మరీ తాగాడు. నాకేమో ఆ బూడిద రంగు కారు నచ్చలేదు.

మాచర్లలో ఎర్ర కారు చూశాక ఇంకేమీ కనపడలేదు. స్టీరింగ్ వెనక గేర్లు మార్చుకునే చిన్న రెక్కలు, నల్లటి సీట్లకి ఎర్ర దారం కుట్లు. ఊరి బయట రోడ్డు మీద అది పరిగెత్తిన తీరుకి నా మోకాలి నొప్పి కూడా మర్చిపోయాను. తిరిగి వస్తూ బజారు జనంలో నిదానంగా వెళ్తున్నప్పుడు, ఒకటో గేరు నుంచి రెండుకి మారేచోట బండి చిన్నగా వణికింది. పక్కసీట్లో మామ నా వైపు చూశాడు. నేను రోడ్డు బాగాలేదు అన్నాను.

ఓనరు వాళ్ళింట్లో వరండాలో కూర్చోబెట్టి టీలు పెట్టారు. మామ మంచినీళ్ళు అడిగాడు.

ఆయన ముందున్న గ్లాసులో టీ మీద మీగడ కట్టడం నేను చూశాను. చూసి, తల పక్కకి తిప్పుకుని, ఫోన్ తీసి, ఓనరుకి అక్కడికక్కడే అడ్వాన్స్ పంపించేశాను. దారిలోకి వచ్చాక మామ నోరు విప్పుతాడని తెలుసు. ఆ అవకాశం ఇవ్వకూడదనే పంపాను. అడ్వాన్స్ ఇస్తే బండి నాది. నా బండిని నా ముందు ఆయన తిట్టడు. ఆయన మంచితనాన్ని అంత లెక్కగా వాడుకున్నాను. పేట చేరేదాకా ఆయన ఒకే సంగతి చెప్పాడు. "ఎంత తొందరున్నా దిగేముందు ఒక్క నిమిషం ఇంజన్ని అట్టా ఉండనియ్యి. టర్బో పరిగెత్తి వచ్చుంటది, ఆయాసం తీరనియ్యాల."

నాలుగు నెలలకి సత్తెనపల్లి రోడ్డులో గేర్‌బాక్స్ చేతులెత్తేసింది. కారుని లారీ మీదికి ఎక్కించి గుంటూరు పంపాల్సి వచ్చింది. కబురు తెలిసి మామ ఫోన్ చేశాడు. "నేను టీ ముట్టలా గదా అల్లుడా, చూళ్ళేదా" అని మెల్లగా అడిగాడు.

చూశాను మామా, నాదే తప్పు అంటే సరిపోయేది. "నీకు షుగర్ కదా మామా, అందుకే తాగలేదనుకున్నా" అన్నాను.

ఆ ఆదివారమే గురజాలలో రెండుసార్లు తాగిన మనిషితో ఆ మాట అన్నాను. "అట్టనుకున్నావా. నేనే నోరు తెరిచి చెప్పాల్సింది" అన్నాడు. నమ్మాడు. నా మాట ఎప్పుడూ నమ్మేవాడు.

ఆ తర్వాత ఏడాది పాటు నేను ఆ వీధి తప్పించి తిరిగాను. కారు బాగై వచ్చిందని తెలిసి, ఒకసారి తీసుకురమ్మను, సౌండ్ వింటాను అని రెండుసార్లు కబురు పెట్టాడు. కాలేజీ పనులన్నాను, పరీక్షలన్నాను. ఆయన్ని మళ్ళీ చూసింది ఖబరస్థాన్‌లోనే. అందరితో పాటు నేనూ మూడు గుప్పిళ్ళ మట్టి వేసి వచ్చాను.

మూడో రోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థనలు అయ్యి జనం తగ్గాక వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన కూతురు కుర్చీ వేసి, టీ తెచ్చి స్టూలు మీద పెట్టింది.

"మీ కారు గురించి నాన్న చానా బాధపడ్డారన్నా" అంది. "నా పద్ధతి నా దగ్గర పెట్టుకుని పిల్లోణ్ణి ముంచాను అనేవారు. ఆ తర్వాత బండ్లు చూడబోతే ఓనర్ల మొహం మీదే చెప్పేయడం మొదలుపెట్టారు. ఇది బాగలేదు, అది పోయింది అని. దుర్గిలో ఒకాయన కొట్టినంత పని చేశాడంట. ఇక ఎవురూ పిలవడం మానేశారు. షెడ్డులో ఊరికే కూర్చునేవారు."

ఆ మనిషి ముప్పై ఏళ్ళకు పైగా పాటించిన మర్యాదని నా ఒక్క అబద్ధం మాన్పించింది. అప్పుడు కూడా చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు.

"అమ్మా, మీ నాన్న టీ ముట్టకపోవడం నేను చూశాను. చూసే కొన్నాను. తెలవలేదని అబద్ధం చెప్పాను" అన్నాను.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, కోప్పడలేదు.

"ఈ మాట ఆయనకి చెప్పాల్సిందన్నా" అంది.

"అవునమ్మా."

స్టూలు మీద టీ అలాగే ఉంది. తాగడానికి చెయ్యి రాలేదు. తాగకుండా లేస్తే ఆ ఇంట్లో దానికి ఏమర్థమో మా ఇద్దరికీ తెలుసు. గ్లాసులో మీగడ కట్టింది. ఆమె ఆ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మామ గ్లాసు ముట్టుకుంటాడా లేదా అని ఎందరో ఓనర్లు వాళ్ళ వాకిళ్ళలో ఎదురుచూసి ఉంటారు. నేను ఆయన వాకిట్లో, వంటింటి వైపు చెవి పెట్టి కూర్చున్నాను. ఎదురుగా గోడకి స్పానర్లు సైజు ప్రకారం తగిలించి ఉన్నాయి, షెడ్డు నుంచి తెచ్చినట్టున్నారు. చాలాసేపటికి లోపల స్టవ్వు అంటించిన చప్పుడు వినబడింది.